శాటిలైట్లు అందని గుట్టల్లో డ్రోన్ ఎగరేయడం: కృష్ణ గట్ల నుంచి నల్లమల అంచు దాకా

శాటిలైట్లు అందకపోతే డ్రోన్ కింద పడిపోతుందని చాలామంది భయపడతారు. పడదు. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. ఎత్తును బారోమీటర్, ఒరగకుండా ఉండే పనిని గైరో చూసుకుంటూనే ఉంటాయి. పోయేది ఒక్కటే, తానెక్కడున్నానన్న లెక్క. ఆ లెక్క మీద నడిచే పనులన్నీ దాంతోపాటే పోతాయి: రిమోట్ మీది స్టిక్ వదలగానే ఆగడం, ఉన్నచోట నిలబడటం, బయల్దేరిన చోటికి తనంతట తాను తిరిగి రావడం. ఆ మూడూ లేని డ్రోన్‌ను కిందికి దించగలిగితేనే గుట్టల్లోకి తీసుకెళ్లాలి.

మిర్యాలగూడ వరి మళ్ల మీదో, జడ్చర్ల చెలకల మీదో ఎగరేసేవాళ్లకు ఈ బాధ తెలీదు. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైదూ అనే నాలుగు శాటిలైట్ వ్యవస్థలనూ పట్టే రిసీవర్‌కు అలాంటి బయలులో పాతిక దాకా శాటిలైట్లు దొరుకుతాయి. తిప్పలు మొదలయ్యేది సోమశిల దగ్గర కృష్ణ గట్ల కింద, రాచకొండ గుట్టల సందుల్లో, దేవరకొండ వైపు బండల నడుమ ఒర్రెల్లో, అచ్చంపేట దాటాక చెట్లు కమ్ముకునే చోట.

ముందు అనుమతి సంగతి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా ఎగరేయవచ్చు. డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి. నిబంధన తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్‌ను ఇంటి దగ్గరే చూసుకోండి, అక్కడికి పోయాక నెట్ ఉండదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా డ్రోన్ పెట్టె మూత కూడా తీయకండి. శ్రీశైలం, నాగార్జునసాగర్, జూరాల ఆనకట్టల దగ్గరా అనుమతి లేకుండా వద్దు. కింద రాసినదంతా అనుమతి ఉన్న చోట్లకే.

సిగ్నల్ ఎందుకు పోతుంది

ఆకాశం ఎంత కనిపిస్తే అన్ని శాటిలైట్లు. దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. చెయ్యి చాచి పిడికిలి బిగించి చూస్తే ఆ పిడికిలి ఎత్తు దాదాపు 10 డిగ్రీలు. కంటి మట్టం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ గుట్ట అంచు దాకా లెక్కపెట్టండి. రెండు పిడికిళ్ల లోపైతే నిశ్చింత. చుట్టూరా నాలుగున్నర పిడికిళ్లు వచ్చిందంటే, అంటే 45 డిగ్రీలు, మీకు మిగిలింది ఆకాశంలో మూడో వంతు కూడా కాదు. బయట 25 శాటిలైట్లు దొరికే రిసీవర్‌కు అక్కడ ఏడో ఎనిమిదో దొరుకుతాయి. స్థానం లెక్క కట్టడానికి కనీసం 4 చాలు కదా అంటారు. లెక్కయితే కుదురుతుంది, నమ్మకం కుదరదు.

లోయకు రెండు పక్కలే గోడలుంటే ఇంకో తిరకాసు. మిగిలిన శాటిలైట్లన్నీ లోయ పొడవునా ఒక గీత మీద ఉన్నట్టుంటాయి. అందువల్ల లోయ వెంబడి స్థానం బాగానే తెలుస్తుంది, అడ్డంగా మాత్రం తప్పు పెరుగుతుంది. అంటే డ్రోన్ దారి తప్పేది సరిగ్గా రాయి ఉన్న వైపే. గట్టు గోడకు 30 మీటర్ల లోపు పోవద్దని చెప్పేది ఇందుకే.

అంతకన్నా మోసం చేసేది ప్రతిధ్వని. శాటిలైట్ తరంగం నిట్టనిలువు బండకో, కృష్ణ నీళ్లకో తగిలి తిరిగి వస్తే రిసీవర్ దాన్నీ అసలు తరంగమే అనుకుంటుంది. అప్పుడు తెర మీద 14 శాటిలైట్లు కనిపిస్తున్నా స్థానం పది ఇరవై మీటర్లు పక్కకు జరుగుతుంది. డ్రోన్ ఆ తప్పుడు స్థానాన్ని సరిదిద్దుకోబోయి తనంతట తానే ఒకవైపు దూకుతుంది. అంకె ఎక్కువుంది కదా అని ధీమా పడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

చెట్ల సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా కొమ్మల సందు నుంచి సిగ్నల్ బాగానే దిగుతుంది. వానాకాలంలో తడిసిన ఆకు దాన్ని మింగేస్తుంది, కాబట్టి వేసవిలో నడిచిన దారిని చూసుకుని ఆగస్టులో ధైర్యం చేయవద్దు.

మనవాళ్లు దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోనిది పొద్దు. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. పొద్దుగూకినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా మన పైనున్న అయనోస్ఫియర్‌లో, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరలో, కలతలు రేగుతాయి, శాటిలైట్ సిగ్నళ్లు మిణుకుమిణుకుమంటాయి. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అందులోనూ సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. చుట్టూ గుట్ట లేకపోయినా ఆ వేళ ఉన్నట్టుండి నాలుగైదు శాటిలైట్లు జారిపోతాయి. అందుకని పని ఉదయం 7 నుంచి 10 మధ్యలో ముగించుకోవడం మేలు. గాలి తక్కువ, ఎండ తక్కువ. చాలా కెమెరా డ్రోన్లకు 40 డిగ్రీల దాకానే భరోసా, నల్లగొండ మే నెల మధ్యాహ్నం దాన్ని సులువుగా దాటేస్తుంది.

ఇంకో చిన్న సూత్రం. జీపీఎస్ శాటిలైట్లు ప్రతిరోజూ నిన్నటికంటే దాదాపు 4 నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తాయి. ఈరోజు 8 గంటలకు ఒక సందులో సిగ్నల్ బాగుంటే, వారం తర్వాత అదే అమరిక 7:30 ప్రాంతంలో ఉంటుంది.

దిక్సూచి చేసే మోసం

శాటిలైట్లు సన్నగిల్లిన చోట దిక్సూచి కూడా చెడితే డ్రోన్ ఆగదు. తప్పు దిక్కు తెలుసుకున్న డ్రోన్ నిలబడబోయి వృత్తంలో తిరుగుతుంది, చెంబులో నీళ్లు తిప్పినట్టు. ఆ వృత్తం క్షణక్షణానికీ పెద్దదవుతుంది.

మన ప్రాంతంలో దీనికి నేలలోనే ఒక కారణం ఉంది. పాలమూరు, నల్లగొండ గ్రానైటు నేలల్ని చీల్చుకుంటూ డోలరైట్ అనే నల్లరాతి గోడలు మైళ్ల పొడవునా పోతాయి. దూరం నుంచి చూస్తే నల్ల బండరాళ్లను వరసగా పేర్చిన సన్నని మిట్టల్లా ఉంటాయి. ఆ రాయిలో ఇనుప ఖనిజం మాగ్నటైట్ ఉంటుంది. పిడుగులు పడ్డ గుట్ట కొసల్లోనూ బండకు అయస్కాంత గుణం ఎక్కుతుంది. టేకాఫ్ ఎప్పుడూ ఎర్రమట్టి నేల మీదో, ఇసుక మీదో పెట్టుకోండి. జీపు బానెట్, కల్వర్టు స్లాబు, బోరు కేసింగ్ పక్కన, ఇనుప మంచం, ట్రాక్టర్ ట్రాలీ ఇవేవీ పనికిరావు. దిక్సూచిని సరిచేసే క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు చేతి కడియం, ఫోన్, తాళాల గుత్తి తీసి పది అడుగుల దూరంలో పెట్టండి.

ప్రతి ఫ్లైట్‌కూ క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. యాప్ అడిగినప్పుడు, 50 కిలోమీటర్లకు మించి ప్రయాణించినప్పుడు, నెలకు పైగా ఎగరేయనప్పుడు చేస్తే చాలు. చెడ్డ చోట చేసిన క్యాలిబ్రేషన్ కంటే అసలు చేయకపోవడమే నయం. సరిగా ఉందో లేదో తెలుసుకోవడం సులువు. డ్రోన్‌ను నేల మీద పెట్టి, దిక్కు కచ్చితంగా తెలిసిన రోడ్డు వైపో చెరువు కట్ట వైపో ముక్కు తిప్పి, మ్యాప్‌లో బాణం అటే చూస్తోందా అని చూడండి. 15 డిగ్రీలు తేడా ఉన్నా చోటు మార్చండి.

బయల్దేరే ముందు

ముందురోజు వైఫై ఉన్న చోట యాప్, ఫర్మ్‌వేర్ (డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్) పని పూర్తిచేయండి. లాగిన్ గడువు చూసుకోండి, పోయే ప్రాంతం మ్యాప్‌ను శాటిలైట్ చిత్రంతో సహా ఫోన్‌లో దింపుకోండి. అడవి అంచున నిలబడి ఓటీపీ కోసం గుట్టెక్కాల్సి వస్తే ఆ పూట పోయినట్టే.

ఇక అన్నిటికంటే అక్కరకొచ్చే పని. లోయలోకి దిగకముందే, పైన బయలులో డ్రోన్ ఆన్ చేసి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. రోజుల తరబడి ఆపేసిన రిసీవర్‌కు ఏ శాటిలైట్ ఎక్కడుందో తెలీదు. ఒక్కో జీపీఎస్ శాటిలైట్ తన కక్ష్య వివరాన్ని 30 సెకన్లకోసారి చెబుతుంది, మొత్తం శాటిలైట్ల పట్టిక చెప్పడానికి 12న్నర నిమిషాలు తీసుకుంటుంది. లోయలో సిగ్నల్ తెగుతూ ఉంటే ఆ పాఠం ఎప్పటికీ పూర్తికాదు. బయలులో ఒకసారి నేర్చుకుంటే ఆ కక్ష్య వివరాలు రెండు నుంచి నాలుగు గంటల దాకా పనికొస్తాయి. తర్వాత కింద ఆన్ చేసినా నిమిషంలోపే పట్టుకుంటుంది. ఆన్ చేసి ఉంచేటప్పుడు ఎండలో పెట్టకండి. ఫ్యాన్ గాలి లేకపోతే డ్రోన్ వేడెక్కి తనే ఆగిపోతుంది. కారు కిటికీ నీడ కాదు, చెట్టు నీడా కాదు. గొడుగు పట్టండి, గుడ్డ గొడుగు సిగ్నల్‌ను పెద్దగా ఆపదు. దీనికి ఒక పాత బ్యాటరీని విడిగా పెట్టుకోండి, మంచి బ్యాటరీని తినేయకండి.

ఎగరేసే చోట

హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదైందని యాప్ చెప్పేదాకా రెక్కలు తిప్పకండి. లోయ అడుగున ఎంతకీ నమోదు కాకపోతే, డ్రోన్‌ను పైన బయలుకు చేర్చి అక్కడి నుంచే లేపి లోయ మీదికి తీసుకురావడం ఒక దారి. రెండోది, కొంచెం ఆకాశం కనిపించే చోట నిట్టనిలువుగా లేపి, చెట్ల కొనలు దాటాక శాటిలైట్లు పది దాటేదాకా ఆగి, యాప్‌లో హోమ్ పాయింట్‌ను తిరిగి పెట్టుకోవడం. ఈ రెండో పద్ధతి చేయి తిరిగినవాళ్లకే. ఆ మొదటి 20 మీటర్లూ డ్రోన్ గాలివాటున ఉంటుంది.

లేచాక వరసగా ఇలా:

1. 3 మీటర్ల ఎత్తులో ఒక నిమిషం నిలపండి. స్టిక్ ముట్టుకోకుండా చూడండి. ఒక మీటరు లోపల అటూఇటూ ఆడితే సరే. వృత్తం తిరిగితే దించండి, దిక్సూచి తప్పు.
2. ముందుకు, వెనక్కు, పక్కలకు తలో నాలుగు మీటర్లు నడిపి వదలండి. వదలగానే ఆగాలి. జారిపోతూ ఉంటే స్థానం పట్టు లేదు.
3. 30 మీటర్లకు లేపి మళ్లీ నిమిషం. శాటిలైట్ల అంకె నేల మీద కంటే పెరగాలి. పెరగకపోతే చుట్టూ గోడలు మీరు అనుకున్నదానికంటే ఎత్తు.
4. ఈ మూడూ సరిగా ఉంటేనే లోయ వెంబడి సాగండి.

తిరిగి వచ్చే ఎత్తును చుట్టుపక్కల ఎత్తైన గుట్టకో చెట్టుకో 20 మీటర్లు పైన పెట్టుకోవాలి. గోడ వంద మీటర్లు దాటితే ఆ లెక్క 120 మీటర్ల హద్దులో ఇమడదు. అక్కడ ఆటోమేటిక్ రిటర్న్ మీద ఆశ వదులుకుని, రిమోట్ లింకు తెగితే ఉన్నచోటే ఆగేలా అమర్చండి, లింకు కోసం మీరే నడవండి. శాటిలైట్ పట్టు లేనప్పుడు ఆ ఆగడం కూడా గాలివాటమేనని మరవద్దు. కాబట్టి వాగు మలుపు దాటి పోనివ్వకండి. గ్రానైటు గుట్ట అడ్డం వస్తే రిమోట్ లింకు కత్తితో కోసినట్టు తెగుతుంది. లింకును ఆటోమేటిక్ ఎంపికకు వదలకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో పెడితే ఆకుల గుండా కొంచెం మెరుగు. ఊళ్లోలా అడవిలో వైఫై రద్దీ ఉండదు.

కింది కెమెరాలను కూడా అతిగా నమ్మకండి. శాటిలైట్లు లేకపోయినా డ్రోన్ కింద ఉన్న కెమెరాలతో నేలను చూసి నిలబడుతుంది. కానీ అది చాలా చిన్న డ్రోన్లలో 10 మీటర్ల ఎత్తు దాకానే, తగినంత వెలుతురుండి, నేల మీద గులకరాళ్లో గడ్డో గుర్తుపట్టే ఆనవాళ్లుంటేనే. కృష్ణ బ్యాక్‌వాటర్ మీద, నీళ్లు పెట్టిన వరి మడి మీద, గాలికి ఊగే పైరు మీద అది పనిచేయదు. నీళ్లు కదిలితే నేల కదిలిందనుకుని డ్రోన్ అలల వెంట పోతుంది. నీటి మీద 15 మీటర్లకు తక్కువ దిగవద్దు.

గట్టు గోడలకు దూరం ఉండటానికి ఇంకో కారణం కొండ తేనె. ఆ బండల కింద పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. రెక్కల చప్పుడుకు లేస్తే డ్రోన్‌నే కాదు, కింద ఉన్న మనుషుల్నీ వదలవు. ఎక్కడ పట్టుందో చెంచు పెంటల్లోని (గూడేల్లోని) వాళ్లకు గోడగోడకూ తెలుసు. అడిగి, వాళ్ల ఇళ్ల మీద ఎగరేయబోమని కూడా చెప్పి రండి.

మధ్యలో పట్టు పోతే

తెర మీద సిగ్నల్ బలహీనం అన్న హెచ్చరిక రాగానే రిటర్న్ బటన్ నొక్కాలనిపిస్తుంది. నొక్కకండి. తానెక్కడుందో తెలియని డ్రోన్ ఇంటికెలా వస్తుంది? చాలా మోడళ్లలో అది పనిచేయదు, కొన్నిట్లో ఉన్నచోటే దిగడం మొదలుపెడుతుంది. అన్ని స్టిక్‌లూ వదిలి, డ్రోన్ ఎటు జారుతోందో రెండు సెకన్లు కంటితో చూడండి, తెరతో కాదు. జారే వైపుకు ఎదురు స్టిక్ కొద్దిగా ఇచ్చి ఆపండి. పైన కొమ్మలు, చూరు బండలు లేకపోతే నిట్టనిలువుగా లేపండి. పైకి పోయేకొద్దీ ఆకాశం తెరుచుకుంటుంది, పది పన్నెండు మీటర్లకే పట్టు దొరకడం మామూలే. పట్టు దొరికిన క్షణంలో స్థానం ఒక్కసారిగా సర్దుకుని డ్రోన్ ఒక కుదుపు కుదుపుతుంది. అప్పటిదాకా గోడకు దూరంగా ఉంచండి. చెట్ల కింద ఉంటే పైకి లేపడానికి లేదు, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి.

శాటిలైట్లున్నా డ్రోన్ దానంతట అది ఒకవైపు పరుగెడితే అది ప్రతిధ్వని పని. యాట్టి మోడ్ (శాటిలైట్లను వాడకుండా ఎత్తును, నిలకడను మాత్రమే చూసుకునే మోడ్) స్విచ్ ఉన్నవాళ్లు వెంటనే దానికి మారండి. స్విచ్ లేని చిన్న డ్రోన్లలో గోడకు వ్యతిరేకంగా గట్టిగా స్టిక్ ఇచ్చి బయటికి లాగడమే.

ఇది చేతికి అలవాటు కావాలంటే సిమ్యులేటర్ మీదో, జీపీఎస్ లేని బొమ్మ డ్రోన్‌తోనో కోతలైపోయిన మడిలో పదిగంటలు సాధన చేయాలి. నేర్చుకోవాల్సింది ఒక్కటే, ఆపడం. జీపీఎస్ డ్రోన్ బ్రేకు తనే వేసుకుంటుంది, ఇక్కడ ఎదురు స్టిక్ మీరు వేయాలి. ముక్కు మీకు ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, కంగారులో ఎవరికైనా చేయి తప్పుతుంది. గుట్టల్లో ముక్కును ఎప్పుడూ అవతలి వైపే ఉంచి, తిరిగి వచ్చేటప్పుడు తోక ముందుగా రప్పించండి. బ్యాటరీ 50 శాతానికి వెనక్కి తిప్పి, 30 శాతానికి నేల మీద ఉండాలి. చేతితో దించడానికి మామూలు కంటే రెండింతలు సమయం పడుతుంది.

సొంతంగా కట్టుకున్నవి, మందు కొట్టేవి

ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే డ్రోన్లలో ఒక అమరిక తప్పనిసరిగా చూడండి. స్థానం లెక్క చెడినప్పుడు ఏం చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్ ఈకేఎఫ్ యాక్షన్‌కు మొదట ఉండే విలువ 1, అంటే ఉన్నచోటే దిగిపో. కృష్ణ మీద అలా దిగితే నీళ్లపాలే. 2 పెడితే ఎత్తును మాత్రమే నిలిపే ఆల్ట్‌హోల్డ్ మోడ్‌లోకి మారి చేతికి వస్తుంది. మోడ్ స్విచ్‌లో ఆల్ట్‌హోల్డ్ ఒక స్థానం తప్పక ఉండాలి. స్థానం లెక్క మీదే నడిచే లాయిటర్, రిటర్న్ రెండే పెట్టుకున్నవాళ్లకు అవసరానికి ఏదీ మిగలదు. హెచ్‌డాప్ అంటే శాటిలైట్ల అమరిక ఎంత బాగుందో చెప్పే అంకె, తక్కువుంటే మేలు. దానికి మొదట ఉండే హద్దు 140, అంటే 1.4. స్థానం పట్టు రావడం లేదని దాన్ని 250కి పెంచి మోటార్లు తిప్పే అలవాటు మానుకోండి.

జీపీఎస్ మాడ్యూల్‌ను కనీసం పది సెంటీమీటర్ల కడ్డీ మీద పైకి లేపాలి, కరెంటు తీగలకు, వీడియో ట్రాన్స్‌మిటర్‌కు, యాక్షన్ కెమెరాకు దూరంగా. శాటిలైట్లు సంకేతాలు పంపే పౌనఃపున్యాల్లో ఎల్1, ఎల్5 అనేవి రెండు. కొత్తగా కొనేవాళ్లు ఎల్1తో పాటు ఎల్5 కూడా పట్టే రెండు బ్యాండ్ల మాడ్యూల్ తీసుకుంటే గుట్టల్లో తేడా కనిపిస్తుంది. ఎల్5 సంకేతంలోని కోడు పదిరెట్లు వేగంగా మారుతుంది కాబట్టి బండకు తగిలి వచ్చిన ప్రతిధ్వనిని అసలు నుంచి విడదీయగలదు. మన నావిక్ శాటిలైట్లు కూడా ఎల్5లో పలుకుతాయి. అవి ఎప్పుడూ మన వైపు ఆకాశంలోనే ఉంటాయి కనుక లోయల్లో అక్కరకొచ్చేవే, కానీ వాటిని పట్టే రిసీవర్లు డ్రోన్లలో ఇంకా అరుదు. నేల కదలికను కెమెరాతో కొలిచే ఆప్టికల్ ఫ్లో, నేల దూరాన్ని లేజర్‌తో కొలిచే కింది లైడార్ పెట్టుకున్నవాళ్లు జీపీఎస్ నుంచి ఫ్లోకు మారే స్విచ్‌ను ఆర్‌సీ ఆప్షన్ 90తో పెట్టుకోవచ్చు. లైడార్ అందే ఎత్తు దాకానే అది పనికొస్తుంది.

బత్తాయి తోటలకు, కొల్లాపూర్ మామిడికి మందు కొట్టే డ్రోన్లకు కష్టం ఇంకో రకం. స్థానాన్ని సెంటీమీటర్ల దాకా సరిచేసే ఆర్‌టీకే సవరణ మొబైల్ నెట్ మీద వస్తుంటే, గుట్ట వెనక చెలకలో అది తెగి డ్రోన్ వరస మధ్యలో ఆగిపోతుంది. అలాంటి చోట నెట్‌తో పనిలేని రేడియో బేస్ స్టేషన్‌ను గట్టు మీద ఎత్తైన చోట పాతండి. పొలం హద్దు గుర్తించేటప్పుడు గట్టు మీద తాటిచెట్లు, వేపచెట్ల వైపు 5 మీటర్లు లోపలికే గీయండి, మిగిలిన పట్టీ చేతి పంపుతో కొట్టుకోవాల్సిందే.

పోతే వెతకడం

శాటిలైట్ పట్టు లేకుండా పడిన డ్రోన్‌కు మ్యాప్‌లో చివరి చుక్క నమ్మదగింది కాదు. అందుకని ఎగరేసినంతసేపూ ఫోన్ తెరను రికార్డు చేస్తూ ఉండండి. పక్కన ఒక మనిషి డ్రోన్ మీద నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. పడిన క్షణంలో అతను నిలబడ్డ చోట రాయి పెట్టి, పడిన దిక్కుకు చెయ్యి చూపి, ఆ దిక్కున దూరపు చెట్టో బండో గుర్తు చెప్పాలి. మరోచోటి నుంచి ఇంకొకరు కూడా దిక్కు చూపితే రెండు గీతలు కలిసే చోట వెతకడం మొదలుపెట్టండి. రికార్డింగ్ చివరి ఫ్రేములో కనిపించే కొమ్మ, రాయి ఆకారం చాలా సార్లు దారి చూపిస్తుంది. పొద్దుగూకితే ఆపేసి మర్నాడు రండి, గుట్టల్లో ఎలుగుబంట్లు తిరిగే వేళ అది. దొరికాక బ్యాటరీ ఉబ్బినా, నొక్కుకుపోయినా సంచిలో వేయకండి. ఎండుటాకు లేని బోడబండ మీద అరగంటకు తక్కువ కాకుండా ఉంచి, పొగ రాలేదని చూసుకున్నాకే ఇనుప డబ్బాలో ఇసుక పోసి అందులో పెట్టుకుని దిగండి.